మూలన పెన్సిల్ చుక్క

"తండ్రి పోయిన రెండేళ్లకు పుట్టిన బిడ్డకి పెన్షనా?" పెన్షనాఫీసు గుమాస్తా నన్నూ, ఒళ్లో పాపనూ ఎగాదిగా చూశాడు.

"క్యాన్సర్ వైద్యం మొదలెట్టకముందే ఆస్పత్రిలో వీర్యం దాచారండీ. ఆయన బిడ్డే."

"కాదన్లేదమ్మా. తను పోయాక కూడా బిడ్డను కనొచ్చని ఆయన రాసిచ్చి ఉండాలి. ఆస్పత్రివాళ్లు అసలు కాయితం పంపారు, చూద్దాం."

పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను.

మా ఆయన గవర్నమెంటు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. సబ్బు చుట్టిన కాయితమైనా సరే, అక్షరం వదలకుండా చదివి, అంతా ఒప్పే అనుకుంటే కింద మూలన పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. ఆస్పత్రి మంచం మీద కూడా చెవికి పెన్సిల్ ఉండేది.

వీర్యం దాచిన రోజు, చేతులు వణుకుతున్నాయని ఫారం నన్నే నింపమన్నారు. "నేను పోతే దాన్ని పారేయమని రాయి. నువ్వు మళ్లీ పెళ్లి చేసుకోవాలి, నా మీద ఒట్టు."

సరేనన్నాను. ‘భార్యకు ఇవ్వాలి’ అన్న గడిలో టిక్కు పెట్టాను.

నేను మంచినీళ్లు తెచ్చేలోగా సంతకం చేసి నర్సుకిచ్చేశారు. కళ్లు మసకలు కదా, చదివుండరులే అనుకున్నాను. చావబోయే మనిషిని మోసం చేశానన్న ముల్లు ఇప్పటికీ గొంతులోంచి దిగలేదు.

"అంతా సరిగ్గానే ఉందమ్మా. పాపకి వస్తుంది" అన్నాడు గుమాస్తా. "కింద మూలనే ఏదో పెన్సిల్ మచ్చ పడింది" అంటూ రబ్బరు అందుకున్నాడు.

గభాల్న అతని చెయ్యి పట్టుకున్నాను.

"చెరపకండి బాబూ... ఆయన చదివారు."