హౌజు నీళ్లు

"మొదటి వాల్వు తెరవకుండ ఇంజను నడిపిస్తే గొట్టం పగుల్తది దొరసానీ" అన్నాడు స్వామిదాసు. "ముందు చెయ్యి దీని మీదనే పడాలె."

సుగుణమ్మ ఇనుప చక్రం పట్టుకుని ఎడమకు తిప్పింది. అది కదలలేదు. కొంగు నడుముకు చెక్కుకుని రెండు చేతులా తిప్పింది. ఈసారి కదిలింది.

చేవెళ్ల సుగుణమ్మ ఎంకపల్లిలో నవాబు బంగళా కొని పది రోజులైంది. అదే ఊళ్లో ఆమెకు పొలముంది. భర్త ఎండాకాలమంతా ఆ పొలం మీదే ఉండేవాడు. మూడేళ్ల కింద అక్కడే కాలి పుండుతో మంచం పట్టి పోయాడు. ఇప్పుడామె చేవెళ్లలోని తరి పొలం అమ్మి మరీ ఈ బంగళా కొనడం ఎవరికీ అర్థం కాలేదు. బంగళా వెనక నవాబు ఈతకని కట్టించుకున్న హౌజు ఉంది. దాని పక్క గదిలో ఆయిలింజను, పంపు, మనిషెత్తు ఇనుప పీపా, నాలుగు వాల్వులు. పన్నెండేళ్లుగా వాటిని చూసుకునేది ఫిట్టరు స్వామిదాసు. యజమాని అనేవాళ్లు ఆ గదిలో కాలు పెట్టడం అతను ఇదే చూడటం.

"నీళ్లు యాడికెల్లి వస్తయి?" అని అడిగింది సుగుణమ్మ.

"ఊరి దిగుడుబావికెల్లి. కాగితాలల్ల ఆ బావి గూడ బంగళా కిందనే ఉన్నది. పంపు నీళ్లను గుంజి పీపాల పోస్తది. పీపాల పైన సన్న ఇసుక, కింద దొడ్డు ఇసుక, అడుగున గులకరాళ్లు. అవన్ని దిగినంక హౌజులకు పోతయి."

"ఇసుకల ఏమేం ఆగుతది?"

"ఆకు, పాచి, మట్టి."

"కంటికి ఆననంత సన్నది?"

స్వామిదాసు కొంచెం ఆలోచించాడు. "ఇసుక మంచిగుంటే అది గూడ ఆగుతది. కని ఈతకు అంత ఫికర్ దేనికి దొరసానీ?"

ఆమె పీపా మీద గడియారం లాంటి బిళ్లలోని ముల్లు చూపించి, అదెందుకని అడిగింది.

"అది ఎర్ర గీత దాటిందంటె ఇసుక నిండినట్టు. అప్పుడు ఈ రెండు మూసి, ఆ రెండు తెరవాలె. నీళ్లు కిందికెల్లి పైకెక్కి ఇసుకను కడుగుతయి. ఆ మురికి నీళ్లు మళ్ల బావి దిక్కు పోతయి."

"బావి దిక్కు వద్దు. మన చెల్కలకు మలుపు."

"చాన గొట్టం కావాలె."

"తెప్పియ్యి."

నాలుగు రోజుల్లో ఆమె వాల్వులన్నీ నేర్చుకుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. పీపాలో ఇసుకంతా తీయించి, జల్లించి, కడిగించి మళ్లీ పోయించింది. హౌజు గోడలకు సున్నం కొట్టించింది. అంతవరకు ఊరు నవ్వుకుంది. వితంతువుకు ఈత సరదా పుట్టిందని చాటుగా అనుకున్నారు.

ఆ తర్వాత ఆమె దిగుడుబావి చుట్టూ గోడ పెట్టించి మెట్లు మూసేసింది. పంపు గొట్టం తప్ప మరేదీ లోపలికి పోకుండా పైన కప్పు వేయించింది. బంగళా ప్రహరీకి బయటివైపు రెండు నల్లాలు బిగించి, హౌజు నీళ్లను వాటికి కలిపింది. ఊరు అక్కడే పట్టుకోవాలంది.

"ఆమె తానం జేసిన నీళ్లు మనం తాగాల్నా?" అన్నది ముత్తమ్మ, ఖాళీ బిందె చంకన పెట్టుకుని.

మర్నాడు ఊరి పెద్ద జంగయ్య పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"తాతల కాలంకెల్లి దిగుతున్న మెట్లు తల్లీ. ఎందుకు మూసినవో చెప్పు."

"చెప్తె నమ్మరు. రెండేండ్లు ఆగుండ్రి."

"రెండేండ్లు మాకు నీ ఎంగిలి నీళ్లేనా?"

"నీళ్లు తేటగ లేవా?"

"తేటగున్నయి. కని మావి గావు" అన్నాడు జంగయ్య.

ఆ మధ్యాహ్నమే గోడ ఒకపక్క కూలగొట్టారు. సుగుణమ్మ ఆ సందులో పీట వేసుకుని కూర్చుంది. మేస్త్రీలు మళ్లీ కట్టేదాకా లేవలేదు. ఆమెను తోసుకుని మెట్లు దిగడానికి ఎవరికీ చెయ్యాడలేదు. కానీ అప్పటినుంచి ఆమె పొలంలో ఒక్క కూలీ అడుగు పెట్టలేదు. చాకలి రావడం మానేశాడు. ఆ ఏడు ఆమె చెల్కలన్నీ బీడు పడ్డాయి. ఊరు మాత్రం తిట్టుకుంటూనే నల్లాల దగ్గర బిందెలు నింపుకుంది. వేరే దారి లేదు.

యుద్ధం రోజులు కావడంతో ఇంజనుకు నూనె దొరకడం కష్టమైంది. సుగుణమ్మ బండి కట్టించుకుని తనే పట్నం పోయి డబ్బాలు తెచ్చేది. పంపు ఒక్కరోజు కూడా ఆగలేదు. స్వామిదాసుకు జ్వరం వచ్చిన వారం ఆమే ఇంజను తిప్పింది, ఆమే ఇసుక కడిగింది.

కోలుకుని వచ్చిన రోజు అతను అడిగేశాడు. "ఏడాది దాటింది దొరసానీ. మీరు ఒక్కనాడన్న హౌజుల దిగలే. సుట్టాలను గూడ దిగనియ్యలే. ఊరందరితోని మాట పడుకుంట ఇదంత ఎవరి కోసం?"

"ముల్లు చూడు దాసన్నా. ఎర్ర గీత దాటుతున్నది" అన్నదామె.

రెండో ఏడు మృగశిర కార్తెలో వాన పడింది. మూడోనాడు పొద్దున జంగయ్య ఒక్కడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తలపాగ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కూసో జంగన్నా" అన్నది సుగుణమ్మ.

అతను కూర్చోలేదు. "ఊరు ఊరంత దుక్కులనే ఉన్నది తల్లీ. పోయినేడు ఇదే దినాలకు నలభై మంది కాలి పుండ్లతోని మంచాలల్ల ఉండిరి. ఈసారి ఇల్లిల్లు తిరిగి చూసిన. ఒక్కలు గూడ పండి లేరు."

"ముత్తమ్మ కొడుకు? పోయినేడు కాలు కింద పెట్టలేదు గద?"

"నాగలి పట్టిండు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపటికెల్లి నీ చెల్కల పది నాగండ్లు దిగుతయి" అన్నాడు జంగయ్య, తలపాగ మళ్లీ చుట్టుకుంటూ. "గా గోడ గూడ ఇంక ఎవ్వరు ముట్టరు."

పుండు కాళ్లు దిగిన బావి నీళ్లతో ఒంట్లోకి పోయి, ఏడాదికి మళ్లీ పుండు చేసి పైకొచ్చే నారిపురుగు ఆ ఏడు ఎంకపల్లిలో ఒక్కరి కాలిలోంచీ బయటికి రాలేదు.