నొప్పి లేనివాడు

మళ్ళీ దుమ్ము లేచింది. బస్రాలో దుమ్ము లేచిందంటే ముక్కు డాక్టరు గది ముందు సంతే.

సబ్రియా కుడి చెంప పట్టుకుని బల్ల మీద కూలబడింది. వారాల తరబడి అదే పోటు. తందూరీ పొయ్యిలో రొట్టె అంటించడానికి తల వంచితే చాలు, చెంప పగిలిపోతున్నట్టుంటుంది. తల వంచకుండా రొట్టె కాల్చే ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆ రొట్టెలు అమ్మితేనే ఇల్లు గడిచేది.

పన్ను నొప్పేనని పక్కింటివాళ్ళు చెబితే పై పన్ను పీకించుకుంది. పన్ను పోయింది, నొప్పి పోలేదు.

చేతిలో చీటీ చూసుకుంది. చిట్టచివరి నంబరు. డాక్టరమ్మ వచ్చేది గురువారం ఒక్కరోజే, మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతుంది.

"ఏమ్మా, అంత నొప్పా?" పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"చచ్చిపోతున్నా హాజీ."

"ఇదిగో, నా చీటీ తీసుకో. ఇక పిలిచేది నన్నే. నీది నాకివ్వు."

"మరి మీకు నొప్పి లేదా?"

"లేదమ్మా. ఈ చెంప మొద్దుబారిందంతే. గిల్లినా తెలీదు." గిల్లుకుని చూపించి నవ్వాడు.

సబ్రియా చీటీ లాక్కున్నట్టే తీసుకుంది.

ఎదురు బల్ల మీది ఆవిడ ఊరుకోలేదు. "నొప్పి లేనివాడికి ఇక్కడేం పనంట? నంబర్లు అమ్ముకునే బాపతు!"

బంట్రోతు జబ్బార్ వచ్చాడు. "లే హాజీ, లే. నీలాంటోళ్ళని చాలామందిని చూశా. ఎంతకమ్మావ్?"

"అమ్మలేదు నాయనా. కావాలంటే ఆ అమ్మాయినడుగు."

జబ్బార్ సబ్రియా వైపు చూశాడు. అప్పుడే లోపల్నుంచి నంబరు పిలిచారు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే, చీటీ మార్చుకున్నావంటూ తననీ గెంటేస్తారేమోనని భయం. సబ్రియా తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ కాస్త వంపుకే చెంప పోటెత్తింది.

వెనక జబ్బార్ అరుస్తున్నాడు. "మళ్ళీ గేటు దగ్గర కనబడితే కాళ్ళు విరగ్గొడతా!"

"పన్ను పాపం ఏం చేసిందమ్మా?" అంది డాక్టర్ లమియా. "చెంప ఎముక లోపల గాలి ఆడాల్సిన గూడు నిండా చీముంది." సన్నగొట్టం పెట్టి కడిగింది. ఆ వారమే సబ్రియా మళ్ళీ పొయ్యి వెలిగించింది.

చలికాలంలో చివరిసారి చూపించుకోవడానికి వచ్చింది. వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. డాక్టరమ్మ వాటిని ముట్టనే లేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంది.

"ఏంటి డాక్టరమ్మా, అలా ఉన్నారు?"

"ఏం లేదమ్మా, అలసట. పొద్దున ఒక పెద్దాయన్ని ఉత్తచేతులతో పంపేశాను. నీకు చీమున్న చోటే ఆయనకి కాన్సర్. కంట్లోకి పాకింది, ఇక కోసేదేం లేదు."

"అంతదాకా ఎలా ఓర్చుకున్నాడు?"

"నొప్పుంటే కదా ఓర్చుకోడానికి! చెంప మొద్దుబారిందట, అంతే."

సబ్రియా తన కుడి చెంప తడుముకుంది. "మరి... ముందే రావచ్చుగా?"

"వచ్చాడట. ఎవరో ఆడకూతురు ఏడుస్తుంటే తన వంతు ఇచ్చేశాడట. ఆ తర్వాత కన్ను ఉబ్బేదాకా ఆయన్నెవరూ గేటు దాటనివ్వలేదు."

డాక్టరమ్మ కళ్ళు తెరిచింది.

"వెళ్తూ వెళ్తూ ఏమడిగాడో తెలుసా? ఆ అమ్మాయికి తగ్గిందా అని."