గోరంత ముక్క

"ముక్క చాలదని రాయడానికి నీకెంత ధైర్యమమ్మా?" అంటూ పెద్దసారు రిపోర్టు కాగితాన్ని ల్యాబ్ బల్ల మీదికి విసిరాడు.

ల్యాబ్ డాక్టరమ్మ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తలేదు. పెద్దసారు ఆ ఆసుపత్రిలో నోటి జబ్బులకు పేరుమోసిన సర్జను. ఆయన నోరు మంచిది కాదని గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ఆయన లెక్కలో కత్తి పట్టినవాడే డాక్టరు. కోసిన ముక్కను గాజుపలక మీద పెట్టి రోగమేమిటో తేల్చేవాళ్లు ఉత్త గుమాస్తాలు. ఆమె లెక్కలో ఆయన పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఈ మాట ఎన్నడూ పైకి అనలేదు గాని, ఎనిమిదేళ్లుగా రోజూ అనుకుంటూనే ఉంది.

"బుగ్గ లోపల తెల్లమచ్చ అని రాశారు. పంపిందేమో ఉల్లిపొర," అంది. "పై పొరలో కణాలు బాగాలేవు సార్. కింది పొరలోకి దిగాయో లేదో చూద్దామంటే అసలు కింది పొరే రాలేదు. దిగితే క్యాన్సరు, దిగకపోతే కాదు. ఏమని రాయమంటారు?"

"కాదని రాయి. గోరంతను కొండంత చెయ్యకు."

"గోరంత కూడా లేదనే కదండీ నా ఏడుపు."

పక్కనే గాజుపలకలు సర్దుతున్న టెక్నీషియను కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులో కలిపేశాడు.

పెద్దసారు మొహం జేవురించింది. "నీ కళ్లకు ఆనకపోతే ముక్కది తప్పా? ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఒకామె."

"మద్దెల నిజంగానే ఓటిది సార్. ఎవరు కోశారిది? మూడో తరగతి పిల్లాడు పెన్సిలు చెక్కినట్టు చెక్కారు. అంచులన్నీ నలిగిపోయాయి. మీ కింద కొత్తగా చేరినవాళ్లెవరో అయ్యుంటారు. ఆ చేతికి మళ్లీ కత్తి ఇవ్వకండి."

ఆయనకు మాట పెగలకపోవడం ఆమె చూడటం ఇదే మొదలు. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంకో నాలుగు తగిలించాలనిపించింది.

"రోగిని పిలిపించండి. మచ్చ అంచు దగ్గర, లోతుగా ఇంకో ముక్క తీస్తే రెండు రోజుల్లో తేల్చేస్తాను."

"రాడు."

"ఎందుకు రాడు?"

"భయం. పిరికి వెధవ."

"ఇప్పుడు కాదని రాసి పంపేస్తే, రేపు నిజంగా క్యాన్సరని తేలితే బుగ్గ మొత్తం తీసెయ్యాల్సొస్తుంది. అప్పుడేం చేస్తాడట ఆ భయాన్ని? ఇంతకీ మీ కాగితంలో ఓ అంకె తప్ప పేరు లేదు, ఫోను నంబరు లేదు. మనిషనుకున్నారా, గొడ్డనుకున్నారా?"

"నలుగురికీ తెలియకూడదట. పరువు."

"చచ్చాక ఏం చేసుకుంటాడు సార్ పరువు?" ఆమె లేచి నిలబడి చెయ్యి చాపింది. "ఫోను కలిపి నాకివ్వండి. మీకు చేతకాకపోతే నేనే గడ్డి పెడతాను."

పెద్దసారు ఫోను తీయలేదు. టెక్నీషియన్ని టీ తాగి రమ్మని పంపేశాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. నోటి దురద తీరింది, ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకుందామె.

ఆయన వచ్చి ఆమె ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"అద్దంలో చూసుకుంటూ అంతకంటే లోతుగా కోసుకోవడం నా వల్ల కాలేదు, డాక్టరుగారూ."