రెండో కంటికి మందు

తిరుమలమ్మ కొడుకు చెంగల్రాయుడు పిల్లికళ్ళతో పుట్టాడు. ఆమె చేసిన నేరం అదొక్కటే.

ఆ ఏడు పాకాలలో రైలుపట్టాల పని చూసిన తెల్లదొర పేరు ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నానింది. ఆమె ఆ దొర ముఖం కూడా చూసి ఎరగదు. మొగుడు మునిరామయ్య పల్లెత్తు మాట అనలేదు. ఇరవయ్యేళ్ళుగా కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినలేదు, అంతే.

1946లో చెంగల్రాయుడి కుడికన్ను నల్లబడసాగింది.

మునిరామయ్య వాణ్ణి ఎండలో నిలబెట్టి చూశాడు. అచ్చం తన కన్నే. చిన్నప్పటి నుంచి కళ్ళలో పిండించిన గుంటగలగర పసరు ఇన్నాళ్ళకు పట్టిందని తేల్చాడు. తిరుపతి వెళ్ళి గంగమ్మకు వెండికన్ను మొక్కు చెల్లించాడు. ఎవరైనా జత ఇస్తారు. ఈయన ఒకటే ఇచ్చి, రెండోది రెండో కన్ను మారాక తెస్తానని అమ్మవారితో ఒప్పందం చేసుకొచ్చాడు.

ఇంటికి రాగానే, "రారా నాయనా, ఈడ కూసో" అని కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తిరుమలమ్మ వడ్డిస్తూ ఏడ్చింది. సంతోషంతోనే.

"ఈ కంట్లో ఏందో దుమ్ము తేలినట్టుండాది నాయనా" అన్నాడు చెంగల్రాయుడు కుడికన్ను నలుపుకుంటూ.

"పసరు మడ్డి లేరా. అదే పోతాది."

ఎడమకన్ను మాత్రం మొండికేసింది. చివరికి ముగ్గురూ చిత్తూరులో కంటి డాక్టరు రాజారత్నం దగ్గరికి వెళ్ళారు.

ఆయన ఒక్కో కంటి మీద గాజుబిళ్ళ ఆనించి, చాలాసేపు చూశాడు.

"కంట్లో ఊరే నీళ్ళు బయటికి పోయేదానికి జల్లెడ మాదిరి ఒకటుంటాది. ఒక కంట్లో ఆ జల్లెడ మీద రంగు పొడి రాలుండాది" అన్నాడు.

"నల్ల రంగేనా సామీ?"

"నల్లదే."

మునిరామయ్య భార్య వైపు గర్వంగా చూశాడు. "సూసినావా? రంగు దిగతా ఉండాది" అన్నాడు. మళ్ళీ డాక్టరు వైపు తిరిగాడు. "ఆ రెండో కంటికి గూడా ఏదన్నా మందెయ్యండి సామీ. అప్పుడు వీడు నా కొడుకు కాదనేవాడు ఊళ్ళో ఎవడుంటాడో సూస్తాను."

డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"జబ్బు ఆ నల్లబడిన కంటిదే మునిరామయ్యా, లోపలి వాపుకు కంటి రంగు పైపొర అరిగిపోయి, ఎవరి కంటికైనా దాని వెనకాల ఉండే నలుపు బయటపడింది, చూపూ పోతా ఉండాది, నీ కొడుక్కి బాగుండే కన్ను ఆ పిల్లికన్నొకటే."