మోకాళ్ల మీద ఇంజనీరు

"నేను మోకాళ్ల మీద నడవాలా? నడిరోడ్డు మీదా?"

మున్సిపాలిటీ రోడ్ల ఇంజనీరు రామబ్రహ్మం గారి గొంతుకి టీ బండి దగ్గరున్న జనమంతా తిరిగి చూశారు.

"ఎంతో దూరం కాదండి. ఇక్కణ్నుంచి ఎదురుగా ఉన్న ఆ బడి గేటు దాకా అంతే," అంది సంయుక్త.

ఆమెది హైదరాబాదులో ఆ బడి ఉన్న నల్లగండ్లలోనే అపార్టుమెంటు. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, కాలనీలోని మరికొందరు తల్లులతో కలిసి 'పిల్లల వీధి' అని ఒక కార్యక్రమం నడుపుతోంది. బడి ముందు స్పీడ్ బ్రేకర్ కావాలని వాళ్లు అడుగుతున్నారు, అవసరం లేదని ఈయన అంటున్నారు.

"చూడమ్మా, రోడ్డు తిన్నగా ఉంది. అటూ ఇటూ చక్కగా కనిపిస్తోంది. ఇంకా బ్రేకర్ ఎందుకు?"

"మీకు కనిపిస్తోందండి. మా రసజ్ఞకి కనిపించదు. దాని ఎత్తులో నుంచి ఒక్కసారి చూసి, అప్పుడు వద్దనండి. ఇంక అడగం."

సంయుక్త కూతురు రసజ్ఞ ఒకటో తరగతి. అది అప్పటికే చెయ్యి చాచి నిలబడింది. "రండి తాతయ్యా, భయపడకండి. నేనున్నానుగా."

టీ బండి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక వెనక్కి తగ్గితే పరువు పోతుందనిపించింది రామబ్రహ్మం గారికి. ప్యాంటు కాస్త పైకి లాక్కుని, "హమ్మా!" అంటూ మోకాళ్ల మీద కూలబడ్డారు.

కూలబడగానే రోడ్డు మాయమైంది.

ఎదురుగా, ఆపి ఉంచిన కారు ముందుభాగం గోడలా నిలబడింది. పక్కనున్న బైకు పొగంతా నేరుగా ముఖాన కొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏదీ, ఏం కనబడదే!" అన్నారు దగ్గుతూ.

"మాకు రోజూ అంతే తాతయ్యా. కారు పక్కనుంచి తల బయటపెట్టి చూడాలి. తల మాత్రం ఎక్కువ పెట్టకూడదు."

ఇద్దరూ చేతులు పట్టుకుని మెల్లగా ముందుకు కదిలారు. బైకులు చెవుల పక్కనుంచే దూసుకుపోతున్నాయి. ఒక్కడూ ఆగడే! నడిమధ్యకి వచ్చేసరికి పెద్ద హారను మోగింది. తలెత్తి చూస్తే నీళ్ల ట్యాంకరు. దాని చక్రమే ఆయనకంటే ఎత్తుంది.

ఆయన రసజ్ఞని వెనక్కి నెట్టి, తాను మోకాళ్ల మీదే అడ్డంగా జరిగారు. లేచే వ్యవధి లేదు. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించేశారు. "బాబ్బాబూ, ఆపు! పసిపిల్ల ఉంది!"

కీచుమంటూ ట్యాంకరు ఆగింది. ఆయన ముక్కుకి జానెడు దూరంలో.



ఫుట్‌పాత్ మీద పూలమ్ముకునే బాలమ్మ ఆ దృశ్యం చూసింది. నుదుట కుంకుమ, చెంపల మీద కన్నీళ్లు, జోడించిన చేతులు, మోకాళ్ల మీద పెద్దమనిషి. ఆయన ముందు బొమ్మలా నిలిచిపోయిన ట్యాంకరు.

"అయ్యో శివా! ఎంత పెద్ద మొక్కు మొక్కిండో!" అంటూ బుట్టలోంచి దోసెడు బంతిపూలు తీసుకుని ఉరికొచ్చి ఆయన మీద పోసింది. "ఏ, బండ్లు ఆపుండ్రి! సామి మొక్కు తీర్చుకుంటుండు, కనబడ్తలేదా?"

బండ్లన్నీ ఆగాయి. ఒకతను హెల్మెట్ తీసి దండం పెట్టుకున్నాడు. టీ బండివాడు కొబ్బరికాయ తెచ్చి రోడ్డు మీదే కొట్టాడు.

"మొక్కు కాదమ్మా, ఇది ప్రోగ్రామ్," అని సంయుక్త అరుస్తూనే ఉంది.

"ఏదైతేంది బిడ్డా, భక్తి ఉండాలె," అంది బాలమ్మ.

బడి గేటు దగ్గర రామబ్రహ్మం గారు లేచి నిలబడ్డారు. మోకాళ్లు దోక్కుపోయాయి. కాలర్లో బంతిరేకులు.

"ఇన్నేళ్లు రోడ్లు వేశానమ్మా," అన్నారు సంయుక్తతో. "రోడ్డంటే భయం ఇవాళే తెలిసింది. బ్రేకర్ నేను వేయిస్తాను."

రసజ్ఞ ఆయన ప్యాంటుకంటిన దుమ్ము దులిపింది. "బాగా దాటారు తాతయ్యా."

మాటైతే ఇచ్చారు గానీ అనుమతులు రావడానికి నెల పట్టింది. అవి చేతికొచ్చిన మర్నాడే పొద్దున్నే హెల్మెట్, నారింజ జాకెట్ వేసుకుని, తారు డబ్బాలతో, కూలీలతో దిగారు.

దిగి, నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

దూసుకొచ్చే ప్రతి బండీ బడి ముందుకి రాగానే తనంతట తనే మెల్లబడుతోంది. నీళ్ల ట్యాంకర్లయితే ఏకంగా ఆగి మరీ కదులుతున్నాయి. పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా రోడ్డు దాటుతున్నారు. నడిమధ్యలో పసుపు రాసిన ఒక రాయి, దానికి బంతిపూల దండ, పక్కన అగరుబత్తులు.

"పక్కకు జరగమ్మా. ఇక్కడ తారు పోసి బ్రేకర్ వేయాలి," అన్నారాయన రాయికి బొట్టు పెడుతున్న బాలమ్మతో.

బాలమ్మ ఆయన్ని కిందినుంచి పైకి ఎగాదిగా చూసింది. నిలువునా నిల్చున్న ఆ మనిషిని అసలు గుర్తుపట్టలేదు.

"తారు పోస్తవా? ఇది మోకాళ్ల సామి వెలిసిన జాగ! ముందుగాల బూట్లు ఇడిచి, చెంపలేసుకో సారూ!"