రెండు సెక్షన్లు

"ఇదుగోండి బీరువా తాళంచెవి. మ్యాపులన్నీ పై అరలో ఉన్నాయి," అంటూ, ఆ రోజుతో ఉద్యోగం వదిలి వెళ్తున్న హిస్టరీ మేడమ్ తాళంచెవిని రెండో సెక్షన్ హిస్టరీ మాస్టారి చేతిలో పెట్టింది.

కాలేజీ ఖర్చులు పెరిగాయి. గోడ పడగొట్టి రెండు తరగతి గదుల్నీ ఒకే హాలు చేశారు. ఇక హిస్టరీకి ఇద్దరెందుకని ప్రిన్సిపాల్ అడిగినప్పుడు, "రెండు సెక్షన్లూ నేనే లాక్కొస్తాను సార్," అన్నది మాస్టారే. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు.

"నా చేతుల్లో ఏముంది మేడమ్, అంతా పైవాళ్ల నిర్ణయం," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"తెలుసండీ. ముందు నన్నే పిలిచి అడిగారు."

"మీరేమన్నారు?"

"ఉంటే ఇద్దరం ఉంటాం, లేకపోతే లేదన్నాను. పిల్లలున్నవారు, మీ పొట్ట కొట్టడానికి మనసెలా ఒప్పుతుంది? మీరూ అదే అని ఉంటారు. వాళ్లు వింటేగా."



"నేను అలా అనలేదు మేడమ్."

ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"క్లాసుకి వేళైంది, వెళ్లండి," అని మెట్లు దిగిపోయింది.

హాల్లో అడుగు పెట్టగానే ముందు వరసలోని అమ్మాయి లేచింది. "మేడమ్ ఏరి సార్?"

"వెళ్లిపోయారమ్మా," అని ఆగాడు మాస్టారు. హాలంతా తననే చూస్తోంది.

"నా వల్లే," అన్నాడు.