గురువారం నష్టం

"ఈ గురువారమూ తగలేసొచ్చావా?" భార్య దెసాంక గుమ్మంలోనే నిలదీసింది.

"మూడు వేల దినార్లు," అన్నాడు రాదిశ, టోపీ తీసి చేత్తో నలుపుతూ.

"ఆ డబ్బు కూడబెడితే చేతికి అతికించుకునే షుగర్ మీటరు వచ్చేది కదయ్యా! రోజూ వేళ్లు పొడుచుకునే బాధ తప్పేది. షుగర్ మనిషికి పందేలెందుకు? మళ్లీ ఆ పందేల కొట్టుకెళ్లావంటే నీ బట్టలు వీధిలో ఉంటాయి, చెబుతున్నా."

లెస్కోవాత్స్ పట్టణం బజారులో కత్తులకు సాన పట్టే రాదిశ బేరంలో ఎన్నడూ లెక్క తప్పలేదు. ఒంటి లెక్కే తేలడం లేదు. "నా ఒళ్లు పంచదార గోదాము. సరుకు కొనేవాడు లేడు, అద్దె మాత్రం రోజూ సూదులతో కట్టాలి," అని తనమీద తనే జోకులేసుకునేవాడు.

శీతాకాలంలో ఆ జోకులూ అయిపోయాయి. సానరాయి ఆపి, చేతిలోని కత్తి అంచు చూస్తూ ఉండిపోయేవాడు. గురువారాలు మొదలయ్యాకే ఆ చూపు తగ్గింది.

శనివారం మిత్రుడు తిహోమిర్ ఇంట్లో వాళ్ల ఇంటిని కాచే పునీతుడి పండగ. గడప దాటినవాడు పంచదార, అక్రోట్లు కలిపిన ఉడికిన గోధుమలు చెంచాడు తినాల్సిందే. కాదంటే ఇంటికే అవమానం. రాదిశ తిన్నాడు. చెంచాడు మర్యాదకి ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ ఖర్చో మనసులో లెక్క కట్టుకున్నాడు.

"ఏరా, మొహం తేటపడింది? గెలిచావా ఏంటి?" అన్నాడు తిహోమిర్.

"గెలుపెక్కడిదిరా! కాస్త తక్కువ ఓడుతున్నానంతే."

"పోనీలే, పందెం పిచ్చి ఎవడికి లేదు? దర్జీ స్తోయన్‌లా పిచ్చి డాక్టరు చుట్టూ తిరగడం లేదు, నయం. వాడికి ఇప్పుడు గుడ్డముక్క ఇచ్చేవాడు లేడు. అదే నువ్వయితే, నీ చేతికి కత్తి ఇచ్చేదెవడ్రా?"

అంతా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా రాదిశ నవ్వాడు.

మళ్లీ గురువారం వచ్చింది. కొట్టు మూశాడు. దెసాంక మాట గుర్తొచ్చి కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆగినా, నడిచాయి.

పందేల కొట్టు ముందు వీధంతా చూసేలా కాసేపు నిలబడి, దర్జాగా లోపలికెళ్లి, వెనక గుమ్మంలోంచి బయటపడి, మేడమెట్లెక్కి, 'మానసిక వైద్యురాలు' అని రాసున్న తలుపు మెల్లగా తట్టాడు రాదిశ.